కనిపించని ఫంక్షన్

ఆ ఇల్లు ఎలాగైనా కొట్టేయాలని ప్రోగ్రామర్ సోమవారమే తీర్మానించుకున్నాడు.

ఆఫీసు క్వార్టర్స్‌లో ఖాళీ అయిన చివరి ఇల్లు అది. రెండు పడకగదులు, వెనకాల పెరడు. అరవై మంది అడిగారు. శుక్రవారం కంప్యూటర్ డ్రా తీస్తుంది. మీట నొక్కేది మాత్రం తనే!

"ఏమండీ, వంటగది కర్టెన్లకు పచ్చరంగు బాగుంటుందా?" అని ఒంటిగది అద్దె ఇంట్లో కూర్చునే అడిగింది భార్య.

"కొనెయ్యి," అన్నాడు ధీమాగా.

డేటాబేస్‌లో ఒక్కో పని చేసిపెట్టే చిన్న ప్రోగ్రామును ఫంక్షన్ అంటారు. డ్రా తీసేదీ ఒక ఫంక్షనే. దాని పక్కన దొంగచాటుగా ఇంకోటి రాశాడు. ఎన్నిసార్లు నొక్కినా అది తన పేరే తీస్తుంది.

ఎవరైనా చూస్తే? అక్కడే ఉంది కిటుకు. వాడుకునే అనుమతి లేనివాళ్లకు ఫంక్షన్ పేరు కూడా లిస్టులో కనిపించదు. తనకు తప్ప అందరికీ అనుమతి తీసిపారేశాడు. ట్రైనింగ్ లాగిన్‌తో లిస్టు తెరిచి లెక్కపెట్టాడు. నలభై ఒకటి. తన లాగిన్‌లో నలభై రెండు! సంతోషం పట్టలేక చక్రాల కుర్చీలో గిర్రున మూడు చుట్లు తిరిగాడు. అన్నీ చూడగలిగే అడ్మిన్ గారేమో నెలాఖరుదాకా సెలవు.

గురువారం ఉదయం ఆడిటర్ మేడమ్ ఊడిపడ్డారు. చేతిలో చీటీల కట్ట.

"రోజూ పొద్దున్నే మీమీ లాగిన్లలో ఎన్ని ఫంక్షన్లు కనిపిస్తున్నాయో లెక్కపెట్టి రిజిస్టర్లో రాస్తారు కదా? ఇవాళ నా చీటీ మీద రాసివ్వండి."

దొరికిపోయాననుకున్నాడు ప్రోగ్రామర్. మరుక్షణమే నవ్వొచ్చింది. తనకు కనిపించేది రాస్తేనే కదా దొరికేది! స్క్రీన్ వైపు కన్నెత్తయినా చూడకుండా 41 అని గీకి, అందరికంటే ముందే ఇచ్చేశాడు.

పది నిమిషాల్లో మేడమ్ గదికి పిలుపొచ్చింది.

"అందరూ నలభై రెండు రాశారు. మీరొక్కరే నలభై ఒకటి. పొద్దున నేనే ఓ ఉత్తుత్తి ఫంక్షన్ చేర్చి, అందరికీ అనుమతి ఇచ్చాను. మీరు అసలు లిస్టు తెరవనే లేదు. ఏమంటారు?"

పెరడు, పడకగదులు, పచ్చ కర్టెన్లు అన్నీ ఒక్కసారే ప్రోగ్రామర్ కళ్లముందు తిరిగాయి.

"తప్పయిపోయింది మేడమ్! ఆ ఇంటి మీద మా ఆవిడ ప్రాణాలు పెట్టుకుంది. అందుకే నా పేరే వచ్చేలా ఆ దొంగ ఫంక్షన్ రాశాను. ఇప్పుడే తీసేస్తాను, ఈ ఒక్కసారికి వదిలేయండి!"

మేడమ్ కళ్లద్దాలు తీశారు. తుడిచి మళ్లీ పెట్టుకున్నారు. సగం రాసిన మెమోను మెల్లగా చించి, కొత్త కాగితం అందుకున్నారు.

"దొంగ ఫంక్షనా? నా లిస్టులోనూ నలభై రెండే ఉన్నాయండీ. లెక్కపెట్టకుండా నిన్నటి అంకె వేసేసే బద్ధకస్తుడెవరో తేల్చుకుందామని చీటీలు పంచానంతే!"