బెంచీ మీది నల్లటోపీ

జయంతి తిరుపతికి వచ్చింది ఫుట్‌బాల్ ఫైనల్ చూడటానికి కాదు. మొగుణ్ణి కాపలా కాయడానికి.

మొగుడు ధనశేఖర్ పలమనేరు టీముకి మేనేజరు. ఒకప్పుడు అదే టీముకి స్ట్రైకర్. పద్దెనిమిదేళ్ల కిందట ఇదే కప్పు ఫైనల్లో, గోల్‌కీపర్ కూడా లేని ఖాళీ గోలుపోస్టు ముందు బంతి తన్నబోయి, మోకాలు మెలిపడి కూలబడ్డాడు. బంతి మాత్రం తీరిగ్గా దొర్లుకుంటూ బయటికి పోయింది. ఆ కథ పెళ్లిచూపుల్లోనే చెప్పాడు. పెళ్లయ్యాక వారానికోసారి చెబుతున్నాడు.

మేనేజరయ్యాక అయినా ఆ కాలు ఊరుకుందా అంటే లేదు. ప్రాక్టీసులో "అట్ల కాదప్పా, ఇట్ల" అంటూ దిగడం, వారం రోజులు మంచం పట్టడం. పోయినేడు ఆపరేషన్ చేసిన డాక్టరు, మళ్లీ బంతి జోలికి పోతే చేతికర్ర కొనుక్కోమన్నాడు. జయంతి తన వంతు కూడా కలిపింది.

"ఇంగొక్కసారి బంతి తన్నినావంటే నేను నాయుడుపేటకి, మా నాయన దగ్గరికి పోతా. ఆ కాలికి కాపడం నువ్వే పెట్టుకో."

ఫైనల్లో ఎదురు నిలిచింది నాయుడుపేట టీమే. అందులో ఆమె తప్పేమీ లేదు.

ముందురోజు టీమంతా అలిపిరి మెట్లెక్కి కొండకి పోయింది. గెలిస్తే గుండు కొట్టించుకుంటామని మొక్కుకోవడం అందరూ చేసేదే. ధనశేఖర్ ఆలోచన వేరు. జుట్టు ముందే ఇచ్చేస్తే స్వామి మొహమాటపడతాడని ఆయన నమ్మకం. అందుకని మేనేజరుతో సహా అందరూ గుండ్లే. గోల్‌కీపర్ పాల్ చర్చికి పోయే మనిషి కాబట్టి, తనొక్కడే జుట్టుతో ఉంటే బాగుండదని కొండ కింద సెలూన్లో గీయించుకున్నాడు.

మ్యాచ్ రోజు పొద్దున ధనశేఖర్ ఫోన్ చేశాడు.

"జయంతీ, బెంచీ మీద నల్లటోపీ, మెడలో పచ్చ తువ్వాల. బాగా గుర్తు పెట్టుకో. ఆ టోపీ బెంచీ మీద నుంచి లేసిందంటే, సాయంత్రం బస్సుకే నువ్వు నాయుడుపేటకి పో."

"సరే. మీ తొమ్మిదో నంబరు విజయ్ కుమార్ మెట్లు దిగతా కాలు బెణికించుకున్నాడంట గదా? గోలెవురు కొడతారు?"

"తొమ్మిదో నంబరు ఆడతాడులే. కుంటుకుంటా అయినా ఆడతాడు."

మధ్యాహ్నానికి ఆమె గ్యాలరీలో కూర్చుంది. పక్కన పాల్ భార్య స్టెల్లా, ఇద్దరి మధ్యా బొరుగుల పొట్లం. మైదానంలో ఎవరు ఎవరో ఆ దేవుడికే తెలియాలి. గంధం పూసిన గుండ్లు ఎండకి తళతళలాడుతూ అటూ ఇటూ పరుగెడుతున్నాయి. రిఫరీ ఒక గుండుకి పసుపు కార్డు చూపించి ఇంకో గుండు పేరు రాసుకున్నాడు. ఎవరిని అడ్డుకోవాలో తెలియక నాయుడుపేట వాళ్లు తమలో తాము తిట్టుకుంటున్నారు.

"గోలుపోస్టు కాడ నిలబడినాడు గాబట్టి మా ఆయన్ని గుర్తు పట్టినా," అంది స్టెల్లా. "లేకుంటే ఎవురి మొగుణ్ణి ఇంటికి తోడుకోని పోయేదాన్నో."

జయంతి నవ్వలేదు. ఆమె చూపంతా నల్లటోపీ మీదే ఉంది.

ఎప్పుడైనా మ్యాచంటే ఆయన గీత వెంబడి పిచ్చిపట్టినట్టు పరుగెడతాడు. కేకలేస్తాడు. నీళ్ల బాటిళ్లు తన్నుతాడు. ఈరోజు టోపీ కదల్లేదు. తువ్వాల ముక్కుదాకా లాక్కుని, డాక్టరు చెప్పినట్టే కాలు ఎదురుగా స్టూలు మీద చాపుకుని, బుద్ధిగా మజ్జిగ తాగుతోంది.

"సూసినావా? చెప్తే ఇంటాడు," అంది జయంతి. ఆమె గొంతులో కాస్త గర్వం కూడా ఉంది.

తొమ్మిదో నంబరు మాత్రం కుంటుతూనే ఆడుతున్నాడు. పది అడుగులు పరుగెత్తడం, మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని రొప్పడం. గ్యాలరీ వైపు అసలు మొహం తిప్పడం లేదు.

"పాపం విజయ్ కుమార్. బెణికిన కాలితో ఎంత అవస్థ పడతా ఉండాడో," అని జయంతి జాలిపడింది.

అప్పటిదాకా రెండు వైపులా ఒక్క గోలూ పడలేదు. ఇంకో రెండు నిమిషాల్లో మ్యాచ్ అయిపోతుందనగా నాయుడుపేట గోల్‌కీపర్ బంతి కోసం ముందుకొచ్చి జారిపడ్డాడు. బంతి తొమ్మిదో నంబరు ముందుకి వచ్చింది. ఎదురుగా ఖాళీ గోలుపోస్టు. అతను ఒక్క క్షణం బంతి వంక చూస్తూ నిలబడిపోయాడు. తర్వాత కళ్లు మూసుకుని తన్నాడు. తన్నినవాడు కింద పడ్డాడు, బంతి వలలో పడింది.

జయంతి తన పుట్టిన ఊరిని మరిచిపోయి ఈల వేసింది. గుండ్లన్నీ వెళ్లి తొమ్మిదో నంబరు మీద కుప్పగా పడ్డాయి. బెంచీ మీద నల్లటోపీ అప్పుడు కూడా లేవలేదు.

అది చూసి ఆమెకి కళ్లనీళ్లు తిరిగాయి. పద్దెనిమిదేళ్లు ఆ కప్పు కోసం కలవరించిన మనిషి. గెలిచిన నిమిషంలో కూడా పెళ్లాం మాటకి కట్టుబడి కూర్చున్నాడు. ఇన్నాళ్లూ ఊరికే అనుమానించానే అని ఆమెకి సిగ్గేసింది.

ఫ్లాస్కు తీసుకుని గబగబా కిందికి దిగింది. జనాన్ని తోసుకుంటూ బెంచీ దగ్గరికి వెళ్లి, వెనక నుంచి ఆ భుజం మీద చెయ్యి వేసింది.

"మాట నిలబెట్టుకున్నావయ్యా. ఇంగ నేను నాయుడుపేట పేరెత్తను. రేపు నీకు నాటుకోడి కోస్తా. ఈ కాఫీ తాగు."

టోపీ ఇంకా కిందికి వంగింది. తువ్వాల ఇంకా పైకి పోయింది.

"ఏమయ్యా, పలకవేం?"

తువ్వాల చాటు నుంచి విజయ్ కుమార్ గొంతు సన్నగా వినిపించింది: "నన్నేమీ అనొద్దక్కా, నన్నీడ కదలొద్దని కూసోబెట్టిందీ సారే, ఆ గోలు కొట్టిందీ సారే."