నాలుగు వేళ్లు

“ఇంకో బకిట్ నీళ్లు పొయ్యి కౌసల్యా, మాలు జారుతలేదు.”

“పొయ్యొద్దు!”

కూలి మనిషి కౌసల్యకు పని పురమాయిస్తున్న సైదులు మేస్త్రీ తలెత్తి చూశాడు. ఇంటి యజమాని లింగస్వామి నిచ్చెన దిగి వస్తున్నాడు. పొద్దుటి నుంచి ఇది ఆరోసారి. హుజూర్‌నగర్‌లో మేస్త్రీలే కరువైనట్టు, ‘ఈ ఊరోళ్ల పని మీద నాకు నమ్మకం లేదు’ అని మేళ్లచెరువు నుంచి తనను పిలిపించినప్పుడే సైదులుకు అనుమానం రావాల్సింది.

“సారూ, నీళ్లు వడకపోతే కాంక్రీటు పారదు. పారకపోతే మూలలకు పోదు. జర ఇనుండ్రి.”

“పారుతది. కదిలియ్యాలె, గంతే. వైబ్రేటర్ కిరాయికి ఎందుకు తెచ్చిన, బట్టలారేసెటందుకా?”

అంతటితో ఊరుకున్నా బాగుండేది. రెండు వైపులా నోళ్లున్న ఇనుప గరాటు ఒకటి తెచ్చి రేకు మీద నిలబెట్టాడు. అందులో మూడు విడతలుగా కాంక్రీటు నింపి, విడతకు ఇరవై అయిదు పోట్ల చొప్పున కడ్డీతో పొడిచాడు. తర్వాత గరాటును మెల్లగా పైకి లాగాడు. కుప్ప కొంచెం కుంగి ఆగిపోయింది. పక్కన గరాటు పెట్టి, ఎంత కుంగిందో వేళ్లతో కొలిచాడు.

“సూసినవా? నాలుగు వేళ్లు దిగింది. దాని బరువుకు అది గింతే కుంగాలె. వైబ్రేటర్ పెట్టు, జారుకుంట మూలలకు పోతది. తీసెయ్, మళ్ల నిలవడుతది. నీళ్లు పోసి పారిచ్చుడు పెద్ద పనా?”

సైదులుకు నవ్వొచ్చింది.

“ఏం సారూ, ఫోన్ల వీడియోలు గిట్ల సూసిండ్రా? లేకుంటే ఇంజినీరు కొలువు చేసిండ్రా?”

లింగస్వామి గరాటుకు అంటిన కాంక్రీటు తుడవడంలో పడ్డాడు. ఇసుక కుప్ప పక్కన కూర్చున్న అతని భార్య భద్రమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

ఎంత గద్దిస్తున్నా లింగస్వామికి లోపల భయంగానే ఉంది. కిరాయి ఇళ్లు మారీ మారీ భద్రమ్మ జుట్టు నెరిసిపోయింది. సొంత కప్పు ఇన్నాళ్లకు కుదిరింది. స్లాబు ఒక్కసారే పోస్తారు, గట్టిపడ్డాక దిద్దుకోవడమంటూ ఉండదు.

సైదులు మాత్రం పట్టు వదల్లేదు.

“గా ఎదురింటి స్లాబు సూడుండ్రి. నీళ్ల మాలే పోసి ఉంటరు. ఏండ్లసంది నిలవడలేదా?”

“నిలవడ్డది. వానొస్తే వంటింట్ల బకిట్లు పెట్టుకుంటరు.”

“మీకెట్ల తెలుసు?”

“ఒక్క గల్లీవోళ్లం, తెల్వదా? ఎక్కువ పోసిన నీళ్లు ఆరిపోతే ఆ జాగంత సన్న సన్న బొక్కలే. పోసెటోనికి పని అల్కగయితది. కింద ఉండెటోళ్ల గోస ఎవనికి గావాలె?”

“ఎవడో దొంగ మేస్త్రీ పోసిండు సారూ. అందర్ని ఒక్క గాటన కట్టకుండ్రి.”

లింగస్వామికి దగ్గొచ్చింది. “సరే, సరే. పని సూడు” అన్నాడు.

పొద్దుగూకే వేళకు స్లాబు పూర్తయింది. ఒక్క బకెట్ నీళ్లు కూడా అదనంగా పడలేదు. వైబ్రేటర్ పెట్టిన చోటల్లా కాంక్రీటు కదిలి, ఇనుప చువ్వల సందుల్లోకి దిగి, మూలలన్నీ నింపింది. చివరికి సైదులే ఒప్పుకున్నాడు.

“మీరు చెప్పినట్టే అయింది సారూ.”

పొద్దంతా తన గడపలో కూర్చుని ఈ పంచాయితీ అంతా విన్న ఎదురింటి ఈదమ్మ అప్పుడు లేచి వచ్చింది. నడుం మీద చేతులు పెట్టుకుని పైకి చూసింది.

“మంచిగ పోపిచ్చినవ్” అంది.

లింగస్వామి ముఖం వెలిగింది.

“మా స్లాబు పోసిన్నాడు గీ తెలివంత యాడ వెట్టినవ్, లింగస్వామి మేస్త్రీ?”