మేత సంచి

“ఒకటీ... రెండూ...”

మూడు అనేలోపే “ఆగండమ్మా!” అని కేక వినిపించింది.

స్ట్రెచరు మీది దుప్పటి అంచులు పట్టుకున్న నలుగురూ తల తిప్పి చూశారు. తొమ్మిదో నంబరు మంచం అవతల ఓ పెద్దాయన. మాసిన చొక్కా, మెడలో తువ్వాలు. ఎడమ కాలు ఈడ్చుకుంటూ దగ్గరికి వచ్చాడు.

“మంచం మరీ కిందికి ఉంది. ఇలా వంగి ఎత్తితే నడుం పోద్ది. ముందు దాన్ని పైకి లేపండి.”

నర్సు బ్లెస్సీకి ఒళ్ళు మండింది. దుప్పట్లో ఉన్నది మొవ్వ నుంచి వచ్చిన పిచ్చేశ్వరరావు గారు. పక్షవాతం. నూట పది కిలోల మనిషి. వరండాలో ఇంకో ఇద్దరు స్ట్రెచర్ల మీద ఎదురుచూస్తున్నారు. పాఠాలు చెప్పడానికి ఇదా సమయం?

“మీ మనిషేగా! కబుర్లు చెప్పే బదులు వచ్చి ఓ చెయ్యి వెయ్యండి.”

“నేను ఎత్తనమ్మా. మీరూ ఎత్తకూడదు.”

“ఒళ్ళు దాచుకునేవాళ్ళకి మాటలెక్కువ” అనేసి, “మూడు!” అంది బ్లెస్సీ.

ఎత్తారు. పిచ్చేశ్వరరావు గారు మంచం మీదకి చేరారు. బ్లెస్సీ నడుంలో మాత్రం ఏదో కలుక్కుమంది.

ఆ కలుక్కు ఆమెకి కొత్త కాదు. ఇంకొక్కసారి పట్టేస్తే నువ్వూ మీ అమ్మలాగే మంచాన పడతావని ఎముకల డాక్టరు నెల కిందటే హెచ్చరించాడు.

అమ్మ దయామణిదీ ఇదే ఆసుపత్రి, ఇదే ఉద్యోగం. ఇరవై రెండేళ్ళ కిందట ఓ పేషెంటుని ఒక్కతే ఎత్తబోయి నడుం పోగొట్టుకుంది. అప్పటి నుంచి మంచమే ఆవిడ లోకం. ఎవరా పేషెంటు అని ఎన్నిసార్లు అడిగినా పేరు చెప్పదు. “పాపం, ఆయన తప్పేముందే?” అని ఊరుకుంటుంది.

ఆవిడని లేపి కూర్చోబెట్టడానికి బ్లెస్సీ తప్ప ఇంకెవరూ లేరు. తనూ పడిపోతే అమ్మని చూసేదెవరు? ఈ భయం ఆమెని ఒక్క పూట కూడా వదల్లేదు.

మర్నాడు పెద్దాయన చంకలో ఓ మూటతో వచ్చాడు. విప్పితే నున్నటి ప్లాస్టిక్ చేపల మేత సంచులు. కోసి, పరిచి, రెండేసి కలిపి గొట్టంలా కుట్టి ఉన్నాయి.

వార్డుబాయ్ కొండయ్య నవ్వాడు. “ఏంటి బాబాయ్, చేపల్ని పట్టడం అయిపోయి మనుషుల మీద పడ్డావా?”

“మూడుసార్లు ఉతికానయ్యా. వాసన రాదు.”

పిచ్చేశ్వరరావు గారిని స్కానింగుకి తీసుకెళ్ళాలి. బ్లెస్సీ నొప్పితో వంగలేకపోతోంది. ఇక చేసేది లేక, “సరే, ఎలాగో చెప్పండి” అంది.

మంచాన్ని ఆమె నడుం ఎత్తుకి లేపించాడు. స్ట్రెచరుని దానికి ఆనించి, చక్రాలకి బ్రేకులు వేయించాడు. పేషెంటుని ఓ పక్కకి ఒత్తిగిలజేయించి, సంచిని వీపు కిందకి దోపించాడు. తను మాత్రం చేతులు వెనక్కి కట్టుకునే ఉన్నాడు.

“ఎత్తొద్దు. నడుం వంచొద్దు. ఓ కాలు ముందుకేసి, ఒంటి బరువుతో లాగమ్మా. అబ్బాయ్, నువ్వు అటు నుంచి తొయ్యి.”

కొండయ్య తోశాడు. బ్లెస్సీ లాగింది.

సంచి లోపల పొర మీద పొర జారింది. నూట పది కిలోల మనిషి, తడి గట్టు మీద కాలు జారినంత సులువుగా స్ట్రెచరు మీదకి వచ్చేశాడు.

వార్డు వార్డంతా నోరెళ్ళబెట్టింది. కొండయ్య తన అరచేతులు తిప్పి తిప్పి చూసుకున్నాడు. బ్లెస్సీ నడుం తడుముకుంది. ఏమీ కాలేదు! ఎనిమిదేళ్ళ ఉద్యోగంలో ఇంత వింత ఆమె ఎన్నడూ చూడలేదు.

“ఎవరు నేర్పారండీ మీకు?”

“ఎవరూ నేర్పలేదమ్మా. చెరువుల మీద మేత బస్తా మీద బస్తా పెడితే నిలవదు, జారిపోద్ది. అది చూసి మొదలెట్టా. కుట్టు కుదరడానికి ఏళ్ళు పట్టింది.” ఆయన గొంతు తగ్గింది. “నడుం విరిగితే మనిషి ఎలా కేకేస్తుందో నేను విన్నానమ్మా. ఇంకా వినపడతానే ఉంది.”

బ్లెస్సీ ఏదో అడగబోయింది. అంతలో స్కానింగు గది నుంచి పిలుపొచ్చింది. నిన్నటి మాటకి ఏమీ అనుకోవద్దని రేపు చెబుదాంలే అనుకుంది.

మర్నాడు ఆయన రాలేదు. మంచం కింద ఆరు సంచులు మాత్రం మడతపెట్టి ఉన్నాయి.

“మీ బాబాయి గారేరండీ?” అని పిచ్చేశ్వరరావు గారి భార్య అనసూయమ్మని అడిగింది.

“మా బాబాయేంటమ్మా! ఆయన మీ ఆసుపత్రి మనిషి కాదూ? మంచం మంచానికీ తిరిగి చెప్తుంటే మీ సూపర్‌వైజరనుకున్నా.”

ఇద్దరూ మొహమొహాలు చూసుకున్నారు.

కొండయ్య వాకబు చేసుకొచ్చాడు. పేరు సుందరరాజట. ముదినేపల్లి దగ్గర చేపల చెరువులకి కాపలా. పొద్దున్నే పని మానేసి, ఇంకేదో ఊరి ఆసుపత్రికంటూ సంచుల మూటతో బస్సెక్కేశాడట.

ఆ సాయంత్రం బ్లెస్సీ ఓ సంచి ఇంటికి పట్టుకెళ్ళింది. అమ్మని ఒత్తిగిలజేసి, కింద దోపి, మెల్లగా తలగడ వైపు లాగింది.

రోజూ మూలిగే అమ్మ మూలగలేదు.

“ప్రభువా! నన్ను ఎవరూ ఎత్తినట్టే లేదే. ఎవరు కుట్టారే దీన్ని?”

“సుందరరాజని ఓ పెద్దాయనమ్మా. ఎడమ కాలు ఈడుస్తాడు. ఎవరి తాలూకో ఏంటో, ఎవరికీ తెలీదు.”

కుట్టు తడుముతున్న దయామణి వేళ్ళు ఆగిపోయాయి. కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

“ఆ రోజు నేను ఎత్తింది ఆయన్నేనే” అంది.