నేతి బూరెల కుట్ర

ఆదివారం మధ్యాహ్నంలోగా శ్రేయా గొంతు పోవాలి. ప్రాణానికేమీ కాకూడదు, ఒక్క గొంతు పోతే చాలు. శనివారం పొద్దున్నే శనగపప్పు కుక్కర్లో పెడుతూ చాముండేశ్వరి గట్టిగా తీర్మానించుకుంది.

శ్రేయా అంటే టొరంటోలో ఆడుతున్న ఒపెరా అనే పాటల నాటకంలో హీరోయిన్. కెనడా పడమటి కొసనున్న సర్రీ నుంచి వచ్చిన ఫిజీ తెలుగు పిల్ల, ఆరడుగుల మనిషి. చాముండేశ్వరి కూతురు ధాత్రి ఐదడుగులు కూడా ఉండదు గానీ, అదే పాత్ర, అవే పాటలు పొల్లుపోకుండా వచ్చు. హీరోయిన్‌కి ఒంట్లో బాగాలేకపోతే తను పాడాలి. అలాంటివాళ్ళని కవర్ అంటారట. ఇంతకుముందు కూడా ధాత్రి ఇలాగే కవర్‌గా కూర్చుంది. ఏ హీరోయిన్‌కీ తుమ్మైనా రాదే!

"ఆదివారం లాస్ట్ షో అమ్మా. అది కూడా ఇలాగే అయిపోతే ఐ యామ్ డన్. లండన్‌లో బ్యాంక్ జాబ్‌కి అప్లై చేశా," అంది మొన్న ధాత్రి ఏడుపు ఆపుకుంటూ. ఆ ఏడుపు చూసిన దగ్గర్నించీ తల్లికి కంటి మీద కునుకు లేదు.

నిజం చెప్పాలంటే, కూతురి పాట చాముండేశ్వరి ఏనాడూ తిన్నగా వినలేదు. టొరంటో శివారు ఎటోబికోలోని వాళ్ళ ఇంటి బేస్‌మెంట్‌లో ధాత్రి ప్రాక్టీస్ మొదలెట్టగానే, "తలుపేసుకోవే, కుక్కర్ విజిల్ వినపడట్లేదు!" అని పైనుంచి కేక వేయడమే. అయితేనేం, పిల్ల స్టేజీ ఎక్కాలి. ఎక్కి తీరాలి!

"కొంపదీసి మందేమన్నా కలుపుతున్నావా?" అన్నాడు భర్త అచ్యుత్, వంటింట్లోకి తొంగిచూసి.

"ఛ! రిటైరైనా డాక్టర్నండీ నేను. బూరెలో నెయ్యి పోయడం కెనడాలో నేరమా?"

నేతి బూరెలు తిని ఐస్ వాటర్ తాగితే గొంతు బొంగురుపోతుందని ఆవిడ చదివిన ఏ మెడికల్ పుస్తకంలోనూ లేదు. వాళ్ళమ్మ చెప్పింది. ఆవిడకి అది చాలు.

శ్రేయాని భోజనానికి ధాత్రి చేతే పిలిపించింది. తీరా ఆ పిల్ల వచ్చే వేళకి ధాత్రిని కరివేపాకు కోసం ఇండియన్ స్టోర్‌కి తోలేసింది.

"ఆంటీ, మా నానమ్మ పోయాక నాకు బూరెలు ఎవరూ పెట్టలేదు," అంది శ్రేయా, వచ్చీరాని తెలుగులో.

చాముండేశ్వరి ప్రాణం చివుక్కుమంది. చివుక్కుమన్నా చెయ్యి మాత్రం ఆగలేదు. బూరెకి చిల్లుపెట్టి నెయ్యి పోసింది. ఇంకోటి వేసింది. వద్దన్నా ఇంకోటి. మధ్యలో ఆవకాయ. "నీళ్ళు తాగమ్మా, తాగు తల్లీ," అంటూ గ్లాసు నిండా ఐసు.

ఆదివారం పొద్దున్నే థియేటర్ నుంచి ధాత్రికి ఫోనొచ్చింది. "అమ్మా, ఐ హ్యావ్ టు గో!" అంటూ ఒక బూటు కాలికి, ఒక బూటు చేతిలో, పరుగో పరుగు.

చాముండేశ్వరి గెంతినంత పని చేసింది. దేవుడికి దణ్ణం పెట్టుకుని టికెట్ కోసం చూస్తే ఒక్కటే మిగిలి ఉంది. పై అంతస్తులో ఎడమవైపు చిట్టచివర. అక్కణ్ణించి స్టేజీ ఎడమ పక్కంతా గోడ చాటే. పోనీలే, హీరోయిన్ నడిమధ్యే కదా నిలబడేది!

కట్టిన పట్టుచీర విప్పి ఇంకోటి కట్టి, ఆలస్యంగా చేరింది. లోపల అడుగుపెట్టేసరికి సూటు వేసుకున్న ఒకాయన తెర ముందు ఏదో చెప్పి వెళ్ళిపోతున్నాడు. జనం చప్పట్లు కొడుతున్నారు. తెర లేచింది.

శ్రేయా! నిక్షేపంగా, ఆరడుగుల ఎత్తునా నిలబడి ఉంది.

అన్ని బూరెలూ ఇట్టే అరిగించుకుందా ఇది? ఆవిడ పళ్ళు నూరేలోపే శ్రేయా నోరు తెరిచింది. పాటతో హాలు నిండిపోయింది.

ముందు ఒళ్ళు మండింది. ఆ గొంతు పైపైకి పోతున్న కొద్దీ మంట చల్లారింది. ఒకచోట సన్నగా, నిలకడగా అలాగే నిలిచిపోయేసరికి ఊపిరి తీసుకోవడం కూడా మర్చిపోయింది. భాష తెలీదు, కథ తెలీదు, కళ్ళమ్మట నీళ్ళు మాత్రం ధారలు. ఇంత గొంతునా నేను పాడుచేయబోయింది! పక్క సీట్లో తెల్లావిడ వింతగా చూస్తున్నా లెక్కచేయకుండా టపటపా చెంపలేసుకుంది.

మా ధాత్రి తలకిందులుగా తపస్సు చేసినా ఇలా పాడలేదు, అనుకుంది. పిచ్చిపిల్లకి ఇన్నాళ్ళూ ఉత్త ఆశలు పెట్టాను.

ఆట అయిపోగానే హాలు హాలంతా లేచి నిలబడింది. శ్రేయా ఎడమ పక్కకి చేతులు చాచి మరీ దణ్ణం పెడుతోంది. వినయం కూడా ఉంది పిల్లకి, అనుకుంటూ చప్పట్లు ఆగకముందే చాముండేశ్వరి మెట్లు దిగి వెనక గుమ్మం దగ్గరికి పరిగెత్తింది.

కాసేపటికి ధాత్రీ శ్రేయా కలిసే బయటికొచ్చారు. ధాత్రి మొహం వెలిగిపోతోంది.

"ఎలా ఉందమ్మా?" అంది ఆత్రంగా.

చాముండేశ్వరి కూతురి చేతులు పట్టుకుంది. "ఆ బ్యాంక్ ఉద్యోగంలో చేరిపో తల్లీ. పాటంటే ఏంటో ఇవాళ తెలిసింది నాకు. మనవల్ల కాదు."

ధాత్రి బిత్తరపోయింది. చాముండేశ్వరి శ్రేయా వైపు తిరిగింది. "నేను పాపిష్టిదాన్నమ్మా! నీ గొంతు పోవాలనే నిన్న అన్ని బూరెలు పెట్టాను. నన్ను క్షమించానని చెప్పి ఒక్క ముక్క పాడు, మా పిల్ల కూడా దగ్గర్నించి వింటుంది."

శ్రేయా నోరు తెరిచింది. తుప్పుపట్టిన గేటు తీసినట్టు కిర్రుమంది. ఆ కాస్త గొంతుతోనే పడీపడీ నవ్వుతూ అంది:

"మీ బూరెలు బాగా పనిచేశాయి ఆంటీ! నా గౌను ధాత్రికి మరీ పొడుగైపోయింది, అందుకని స్టేజీ మీద నేను ఉత్తినే పెదాలాడించా... మీరు విన్నదంతా ఎడమ పక్కన నిలబడి ధాత్రి పాడిందే!"