రెండో సాకెట్

ప్లైవుడ్ గోడ మీద మూడు దెబ్బలు పడ్డాయి.

అట్టపెట్టెకి టేపు అంటిస్తున్న తమ్ముడి చెయ్యి ఆగింది. పదకొండు నెలల్లో ఆ గోడ అవతలి నుంచి అన్న దగ్గు వినిపించింది, తుమ్ము వినిపించింది, ఫోనులో ఎవరినో తిట్టడం వినిపించింది. పిలుపు మాత్రం ఇదే మొదటిసారి.

ఒకప్పుడు అదంతా ఒకటే షాపు. కంప్యూటర్లు అమ్మేవారు, బాగుచేసేవారు. నాన్న పోయాక అన్నదమ్ములకి మాటా మాటా పెరిగింది. పంపకాలకి బాబాయి వచ్చాడు. కంప్యూటరంటే టీవీకి చుట్టమని తప్ప ఆయనకేమీ తెలియదు. పెట్టెలు చూసి పంచేశాడు. మెమొరీలున్న పెట్టెలు అన్నకి, ప్రాసెసర్లున్న పెట్టెలు తమ్ముడికి. ఒకటి లేకుండా రెండోది ఎందుకూ కొరగాదని ఇద్దరికీ తెలుసు. ముందు నోరు విప్పినవాడు తగ్గినట్టవుతుందని ఇద్దరూ బిగదీసుకు కూర్చున్నారు. మధ్యలో ప్లైవుడ్ లేచింది.

అప్పట్నుంచి కస్టమర్లే ఈ గుమ్మం దిగి ఆ గుమ్మం ఎక్కుతున్నారు. ఈ బోర్డుకి పట్టే ప్రాసెసర్ ఏదో పక్కన అడగమని అన్న పంపిస్తాడు. దానికి సరిపడే మెమొరీ ఏదో పక్కన అడగమని తమ్ముడు తిప్పి పంపిస్తాడు. కాళ్ళు నొప్పెట్టి సగం మంది రావడమే మానేశారు.

తమ్ముడికీ విసుగొచ్చింది. రేపు పొద్దున్నే వ్యాను వస్తుంది. సామానంతా బస్టాండు వెనక కొత్త గదికి వెళ్ళిపోతుంది. ఆ సంగతి వీధి వీధంతటికీ తెలుసు, అన్నకీ తెలుసు. 'వెళ్ళకురా' అని ఒక్క మాట అంటాడేమోనని తమ్ముడు వారం రోజులుగా చెవులు రిక్కించుకునే ఉన్నాడు. అవతల స్క్రూలు తిప్పుతున్న చప్పుడు తప్ప ఏమీ లేదు.

అందుకే ఇప్పుడు రెండు నిమిషాలు బెట్టు చేసి, మూడో నిమిషంలో వెళ్ళాడు.

అన్న తలెత్తలేదు. బల్ల మీద పెద్ద వర్క్‌స్టేషన్ కంప్యూటరు పొట్ట విప్పుకుని పడుకుని ఉంది. వంతెనల నమూనాలు గీసే ఇంజనీరమ్మది. మెమొరీ పెంచమని నిన్న ఇచ్చి వెళ్ళింది.

"ఎనిమిది పెట్టాను. నాలుగే కనిపిస్తున్నాయి," అన్నాడు, ఆ మిషనుతోనే చెబుతున్నట్టు.

తమ్ముడు వంగి చూశాడు. రెండు ప్రాసెసర్ల బోర్డు అది. ఎడమవైపు నాలుగు మెమొరీ స్లాట్లు మొదటి ప్రాసెసర్‌వి, కుడివైపు నాలుగూ రెండోదానివి. రెండో సాకెట్ ఖాళీగా ఉంది. అక్కడ ప్రాసెసర్ లేకపోతే కుడివైపు ఎంత మంచి మెమొరీ పెట్టినా లేనట్టే. నాన్న ఇద్దరికీ మొదటి వారంలోనే నేర్పిన పాఠం.

"ఇది తెలియకా పిలిచావు?"

"తెలుసు. మొదటిదానికి అచ్చంగా జోడీ కావాలి. అది నీ దగ్గరే ఉంటుంది."

ఓహో, అదా సంగతి. తమ్ముడి ప్రాణం ఉసూరుమంది.

"దీని ఫ్యాను ఉంది, కింద ఉండాల్సిన ప్రాసెసర్ లేదేంటి?"

"ఎవడో తెలివైనవాడు పీకి ఉంటాడు."

"సాకెట్లో నలక దుమ్ము కూడా లేదు."

"నేనే దులిపాను. ఉందా లేదా చెప్పు, ఆవిడ ఐదింటికి వస్తుంది."

దులిపే ఉంటాడు. అన్న పని అలాంటిది. చీమ తలంత స్క్రూ తీసినా దూదిలో చుట్టి, ఎవరిది, ఎక్కడిది, ఎన్నింటికి తీశాడు, ఎలా ఉంది అని చీటీ రాసి అంటిస్తేగానీ అతనికి నిద్రపట్టదు. చిన్నప్పుడు తమ్ముడికి ఊడిన పాలపన్నుకి కూడా చీటీ అంటించిన ఘనుడు.

తమ్ముడు వెళ్ళి, పొద్దుట్నుంచీ అంటించిన టేపులన్నీ ఒక్కొక్కటే పీకాడు. ఏడో పెట్టెలో జోడీ దొరికింది. నంబరు సరిపోయింది. అన్న టార్చి పట్టుకున్నాడు, తమ్ముడు ప్రాసెసర్ దించాడు. వేడి లాగే పేస్టు పల్చగా పూయమని అన్న, ఆ మాత్రం తెలుసని తమ్ముడు కాసేపు గొణుక్కున్నారు. స్విచ్ నొక్కగానే తెర మీద ఎనిమిదీ కనిపించాయి.

అన్న ఫ్లాస్కులో టీ ఇద్దరికీ పోశాడు. గ్లాసు ఒకటే ఉంటే తమ్ముడికిచ్చి, తను మూతలో తాగాడు. వదిన మోకాలి నొప్పి గురించి ఒకరడిగారు, పాప చదువు గురించి ఇంకొకరడిగారు. బాబాయి మాట వస్తే ఇద్దరికీ నవ్వాగలేదు. మూడు గంటలు ఇట్టే గడిచిపోయాయి. తమ్ముడికి హాయిగా ఉంది, అందుకే మరీ బాధగానూ ఉంది. అన్న ఇన్ని మాట్లాడాడు కానీ వ్యాను ఊసెత్తలేదు. పని పడింది కాబట్టి పిలిచాడు, తమ్ముడు కావాలని కాదు.

ఐదింటికి ఇంజనీరమ్మ కారు వచ్చింది. అన్న మిషనుని చంకనెత్తుకున్నాడు.

"నే వెళ్తాను. పెట్టెలకి మళ్ళీ టేపు వెయ్యాలి," అన్నాడు తమ్ముడు, ఆఖరి ఆశ కొద్దీ.

అన్న గుమ్మంలో ఒక్క క్షణం ఆగాడు. వెనక్కి తిరిగాడు.

"ఆ స్క్రూడ్రైవర్ డబ్బాలో పడేసి వెళ్ళు," అని బయటికి నడిచాడు.

తమ్ముడు చివాల్న రేకు డబ్బా మూత లాగాడు. లోపల ఒక దూది ఉండ, దాని మీద అన్న గుండ్రటి అక్షరాలతో చీటీ ఉన్నాయి: 'ఇంజనీరమ్మ మిషను, రెండో సాకెట్ ప్రాసెసర్, ఈరోజు పొద్దున తొమ్మిదిన్నరకి తీసినది, బాగానే పనిచేస్తోంది.'