గోవర్ధనం కంటిచూపు

కళ్ళకు బదులు పెట్టే కంటియంత్రాలను నడిపే డ్రైవర్ సాఫ్ట్‌వేర్ మార్చేవాడు తన కళ్ళకు తానే మార్చుకోలేడు. పాతది తీయగానే చూపు పోతుంది. ఊళ్ళో ఆ పని తెలిసినవాళ్ళం ఇద్దరమే గనుక గోవర్ధనం నా దగ్గరికి రాక తప్పలేదు. నా భార్య నాంచారమ్మ ఊపిరియంత్రంలో పాత డ్రైవర్ తీయకుండానే కొత్తది ఎక్కించింది వాడే. రెండూ పోట్లాడుకుని ఆమె ఊపిరి ఆగింది. ఆ తర్వాతే నేనీ పని నేర్చుకున్నాను.

“మొత్తం తీసెయ్ బావా. కాస్త మిగిలినా కొత్తది మొరాయిస్తుంది.”

“నాంచారమ్మప్పుడు తెలీదా ఈ సంగతి?”

“ఆ రోజు జనం ఎక్కువ బావా. ఎవడైనా అంతే చేస్తాడు.”

పాతది ఆనవాలు లేకుండా తీశాను.

“అంతా చీకటి. ఇక కొత్తదెయ్యి బావా.”

వాడి చెయ్యి పట్టుకుని వీధి గుమ్మం దాకా నడిపించాను.

“మెట్టుంది, చూసి దిగు,” అని తలుపేసుకున్నాను.