ఎదుటివాడి అవసరం

"అయిపోయినయ్ అన్నా," అంది రుక్సార్, కంప్యూటర్ మీంచి కళ్లు తీయకుండా.

"ఏందమ్మా అయిపోయేది? ఇప్పుడే కదా తెరిచింది!"

"తిరుపతి టికెట్లు తెరుచుడు, మూసుడు ఒక్కటే అన్నా."

రుక్సార్ నడిపే ఆ ఆన్‌లైన్ సెంటర్‌లో ఉన్నవి రెండే కంప్యూటర్లు, రెండింటి మీదా టికెట్లు కొట్టేది ఆమే. ఒకదాని ముందు ఈశ్వర్, ఇంకోదాని ముందు గొంగడి కప్పుకున్న ముసలాయన. ఈశ్వర్ తెర మీద చిన్న చక్రం తిరుగుతూనే ఉంది. ముసలాయనకు రెండు టికెట్లు తగిలాయి.

తాండూరు గంజ్‌లో కందుల వ్యాపారం చేసే ఈశ్వర్‌కి దొరకని సరుకు లేదు. మూడు నెలల ముందే వదిలే ఈ దర్శనం టికెట్లే ప్రతిసారీ చేతిదాకా వచ్చి జారిపోతున్నాయి.

భార్య నాగరాణికి కళ్లలో నీటికాసులు, చూపుని మెల్లగా తినేసే జబ్బు. చూపుండగా ఒక్కసారి స్వామిని చూపించమని ఆమె పోరు. టికెట్ లేని క్యూలో ఆ తోపులాట ఆమె తట్టుకోలేదు.

ఈశ్వర్ కుర్చీ జరిపి ముసలాయన పక్కకి చేరాడు.

"తాతా, గా టికెట్లు నాకియ్యి. రేటు నువ్వే చెప్పు."

రుక్సార్ పకపకా నవ్వింది. "కందుల బస్తానా అన్నా, చేతులు మారనీకి? పేరు, ఆధార్ ఎవలియో వాళ్లే పోవాలె. తాతా, జల్ది పేర్లు చెప్పు. టైం ఉరుకుతున్నది."

ముసలాయన చెప్పబోయి ఆగాడు.

"గంత పరేషాన్ ఏంది సేటూ?"

"మా ఇంటామెకు చూపు పోతున్నది."

"గా దర్శనం నాటి దాంక కనవడ్తదా?"

చుక్కల మందు మానకుంటే ఇంకా కొన్నేళ్లు ఫికర్ లేదని వికారాబాద్ కంటి డాక్టర్ చెప్పాడు. కానీ ఉన్నది ఉన్నట్టు చెబితే ఏ బేరమూ తెగదు. గంజ్‌లో ముదిరిన నోరు అసలు మీద నాలుగు కలుపుకునే బయటికొస్తుంది.

"అప్పటికి అంచున ఉంటది తాతా. గా నెల దాటిందంటే చీకటే."

ముసలాయన గొంగడి కొస నలుపుతూ తెరవైపు చూశాడు. అక్కడ సమయం కరిగిపోతోంది.

నువ్వెందుకు పోతున్నావని ఈశ్వర్ అడగలేదు. ఎదుటివాడి అవసరం అడిగితే సరుకు ధర పెరుగుతుంది.

"బిడ్డా," అన్నాడు ముసలాయన చివరికి, "సేటు పేర్లు ఎక్కియ్యి. మేం ఇంకోపారి జూసుకుంటం."

రుక్సార్ వేళ్లు టకటకలాడాయి. టికెట్ కాగితం చేతిలో పడ్డాక ఈశ్వర్ ఊపిరి పీల్చుకున్నాడు. వెంటనే ఇంకో గుబులు పట్టుకుంది.

"ఇప్పుడు చెప్పు తాతా. ఏం కావాలె నీకు?"

"చాయ తాపించు."

"చాయేనా?"

"అయితే మలాయి ఎక్కువెయ్యమను. సేటు తాపించే చాయ, మల్ల దొరుకుతదో లేదో!"

చాయ తాగుతూ చెప్పాడు, పేరు ఎంకయ్య అని, యాలాల్‌లో గొర్లు కాస్తానని. గ్లాసు బల్ల మీద పెట్టి బస్సు కోసం వెళ్లిపోయాడు.

ఊరికే వచ్చిన సరుకుని ఈశ్వర్ నమ్మడు. పైన మెరిసే గింజ పోసి అడుగున పుచ్చు దాచేవాళ్లని ఎంతమందిని చూడలేదు! ఫోన్ మోగితే ఎంకయ్యేనేమో అని ఉలిక్కిపడేవాడు. ఏం అడుగుతాడు? మనవడికి కొట్లో పనా? పొలం పంచాయితీలో సాక్ష్యమా?

"గాయన అడిగేటోడైతే ఆ దినమే అడుగుతుండె," అంది నాగరాణి.

"నీకు తెల్వదు. అడగని బాకీకే వడ్డీ ఎక్కువ."

మూడు నెలలయ్యాక నాగరాణితో తాండూరులో రైలెక్కాడు, తిరుమల చేరాడు, క్యూలో నిలబడ్డాడు. ఆ లెక్క మాత్రం తెగలేదు.

గర్భగుడి ముందు "జరగండి, జరగండి" అని తోస్తున్నారు. నాగరాణి రెప్ప వేయలేదు. ఈశ్వర్ అలవాటు కొద్దీ చేతులు జోడించి కళ్లు మూసుకున్నాడు. తెరిచేసరికి ఎదురుగా ఎవరిదో వీపు.

బయటికొచ్చాక నాగరాణి ఏడ్చింది. "కండ్ల నిండ చూసిన. ఎంకయ్య తాతకు లడ్డు నువ్వే పోయి ఇయ్యాలె."

యాలాల్‌లో ఇల్లు పట్టుకోవడం కష్టం కాలేదు. ఎంకయ్య గొర్ల వెంట పోయాడు. వాకిట్లో మంచం మీద అతని భార్య బీరమ్మ కూర్చుని ఉంది.

"నేను తాండూరు ఈశ్వర్‌ని అమ్మా. కందుల వ్యాపారం."

"టికెట్ల సేటువా! రా, కూసో." ముసలామె ముఖం వెలిగింది. "మీ ఇంటామె చూసిందా సామిని?"

"చూసింది."

"మంచిగ కనవడ్డడా?"

"మంచిగ కనవడ్డడు."

"సల్లగుండనీ బిడ్డ. గా దినం మా ముసలోడు ఇంటికొచ్చి ఏమన్నడో ఎరికేనా? 'గామె చూపు నీ చూపు కన్న ముందు పోతదంట, మనం జర ఆగుదాం' అన్నడు."

 నాగరాణి పొద్దున్నే సూదిలో దారం తనే ఎక్కించుకోవడం ఈశ్వర్‌కి గుర్తొచ్చింది.

"ఈపారి మీ ఇద్దరికీ నేనే టికెట్లు చేయిస్త అమ్మా. ఖర్చంత నాది. రేపే పోయి రుక్సార్‌కు చెప్త, ఎట్లన్న జేసి..."

"గిప్పుడు టికెట్లెందుకులే సేటూ," నవ్వింది బీరమ్మ. "ముందుగాల పెసాదం పెట్టు."

ఈశ్వర్ లడ్డు తీసి ఆమె ముఖానికి ఎదురుగా పట్టుకున్నాడు. బీరమ్మ చెయ్యి చాచి దాన్ని గాలిలో వెతుక్కుంటోంది.